తయారయ్యాకే ఉద్యోగమా?

“ముందు పిల్లవాడు తయారు కావాలి, ఆ తర్వాతే ఉద్యోగం.” మేధో వైకల్యం ఉన్న పిల్లలు పద్దెనిమిదేళ్లు నిండి స్పెషల్ స్కూలు గడప దాటే వేళకు తల్లిదండ్రులకు అందరి నోటా వినిపించే మాట ఇది. టీచర్లు చెప్తారు, అధికారులు చెప్తారు, కంపెనీల హెచ్ఆర్ మేనేజర్లు చెప్తారు. చివరికి తల్లిదండ్రులే ఒకరికొకరు చెప్పుకుని సర్దుకుంటారు.

ఈ మాట అనేవాళ్లు పిల్లల చెడు కోరేవాళ్లు కారు. వాళ్ల వాదనను ఉన్నదున్నట్టు చెప్పాలంటే ఇలా ఉంటుంది: పని రాని పిల్లవాణ్ణి పనిలోకి నెడితే ఓడిపోయి తిరిగొస్తాడు, ఆ అవమానంతో ఇంకా ముడుచుకుపోతాడు. ఒకసారి చేదు అనుభవమైన యజమాని ఆ తర్వాత వచ్చే పదిమందికి తలుపు మూసేస్తాడు. బయట రోడ్లున్నాయి, మోసగాళ్లున్నారు, ఆడపిల్లయితే ఆ భయం రెట్టింపు. కాబట్టి ముందు వృత్తి శిక్షణ కేంద్రంలో కొన్నేళ్లు ఉంచాలి, క్రమశిక్షణ, శుభ్రత, టైము, డబ్బు లెక్క నేర్పాలి, అన్నీ వచ్చాక ఉద్యోగం వెతకాలి. రాకపోతే ఆ కేంద్రంలోనే కొవ్వొత్తులో కాగితం సంచులో చేసుకుంటూ భద్రంగా ఉంటాడు, పింఛను ఎలాగూ వస్తుంది.

వినడానికి ఎంతో వివేకంగా ఉన్న ఈ వాదన పునాదిలోనే తప్పు. దీన్ని నమ్మి వేల కుటుంబాలు పిల్లల యవ్వనాన్ని నిరీక్షణలో గడిపేస్తున్నాయి. 2011 జనగణనలో మేధో వైకల్యం ఉన్నవాళ్లుగా నమోదైనవాళ్లే దేశంలో సుమారు 15 లక్షలు. ఈ వైకల్యం ఉన్నవాళ్లలో అత్యధికులది స్వల్ప స్థాయే. అంటే నేను మాట్లాడుతున్నది ఎక్కడో ఒకరిద్దరు ప్రతిభావంతుల గురించి కాదు.

1. తయారు కావడానికి హద్దెక్కడ?

ఏమేం వస్తే తయారైనట్టు? దీనికి సమాధానం రాసిపెట్టుకున్న శిక్షణ కేంద్రం నాకింతవరకు కనబడలేదు. గడియారం చూడటం రావాలంటారు. అది వస్తే డబ్బు లెక్క రావాలంటారు. అదీ వస్తే మాట స్పష్టంగా లేదంటారు, కోపం తగ్గలేదంటారు, ఇంకో ఏడాది చూద్దామంటారు. గీత ఎప్పటికప్పుడు జరుగుతూనే ఉంటుంది. ఇరవై ఏళ్లకు చేరిన పిల్లవాడు ముప్ఫై ఏళ్లకూ అదే బల్ల ముందు కూర్చుని ఉంటాడు.

ఆ బల్ల మీద ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూడండి. ఒక పళ్లెంలో ఎర్ర, పసుపు, నీలం పూసలు కలిపి పెడతారు. మీసాలొచ్చిన యువకుడు వాటిని రంగులవారీగా మూడు గిన్నెల్లోకి వేరు చేస్తాడు. మధ్యాహ్నానికి పని పూర్తవుతుంది. టీచరమ్మ మెచ్చుకుంటుంది. సాయంత్రం అతని కళ్లెదుటే మూడు గిన్నెలూ మళ్లీ పళ్లెంలోకి ఒంపేస్తారు, రేపటికి కావాలి కదా. తను చేసిన పనికి విలువ లేదని అతనికి రోజూ నేర్పుతున్న పాఠం ఇదే. ఆ తర్వాత రిపోర్టులో “పని మీద ఆసక్తి తక్కువ” అని రాస్తారు.

ఇదే షరతు మిగతా యువతకు ఎవరు పెడుతున్నారు? ఇంజినీరింగ్ పట్టా పట్టుకున్న పిల్లలు పని వచ్చి ఉద్యోగంలో చేరడం లేదు. ఇన్ఫోసిస్ వాళ్లను తీసుకుని, మైసూరు ప్రాంగణంలో నెలల తరబడి శిక్షణ ఇస్తుంది, ఆ నెలలకు జీతం కూడా ఇస్తుంది. బ్యాంకులో చేరిన ప్రొబేషనరీ ఆఫీసరు కౌంటర్ల మధ్య తిరుగుతూనే నేర్చుకుంటాడు. హోటల్లో కొత్త వంటవాడు ఉల్లిపాయలు తరుగుతూ తరుగుతూ పొయ్యి దగ్గరికి చేరతాడు. పనిలో చేరాక పని నేర్చుకోవడం లోకమంతటా మామూలు విషయం. నేర్చుకోవడానికి అందరికన్నా ఎక్కువ సాయం కావలసిన వాళ్లనే అన్నీ నేర్చుకుని రమ్మనడం ఏ న్యాయం?

డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యం ఉన్న పిల్లల దగ్గర ఇదే షరతు ఇంకో వేషం వేసుకుంటుంది. అక్కడ అది టెన్త్ సర్టిఫికెట్. అక్షరాలు తడబడతాయి తప్ప చేతికి ఏ పనిచ్చినా చకచకా చేసే కుర్రాణ్ణి, గిడ్డంగిలో సామాను సర్దే పనికి కూడా, టెన్త్ పాసా అని అడిగి వెనక్కి పంపిస్తారు. ఆ పనికీ పదో తరగతి సాంఘిక శాస్త్రానికీ ఏం సంబంధమో చెప్పే బాధ్యత అడిగినవాళ్లదే.

2. ఒకచోట నేర్పి ఇంకోచోట చెయ్యమనడం

ఈ వాదనలోని అసలు లొసుగు ఇక్కడుంది. ఒకచోట నేర్చుకున్నదాన్ని తనంతట తాను మరోచోట అన్వయించుకోవడం మేధో వైకల్యం ఉన్నవాళ్లకు చాలా కష్టం. ఈ సంగతి స్పెషల్ ఎడ్యుకేషన్ చదివిన ప్రతి టీచరుకూ తెలుసు. అయినా మన పద్ధతి మొత్తం దానిమీదే ఆధారపడి ఉంది: కేంద్రంలో నేర్చుకో, దుకాణంలో చెయ్యి. పిల్లవాడికి ఏది కష్టమో సరిగ్గా దాన్నే పరీక్షగా పెట్టి, తప్పగానే తప్పు అతనిదంటున్నాం.

హైదరాబాద్‌లో ఒక సూపర్ మార్కెట్‌లో సరుకు సర్దే పనిలో చేరిన యువకుణ్ణి దగ్గరగా చూశాను. డౌన్ సిండ్రోమ్ ఉంది. పాత సరుకు ముందుకు, కొత్త సరుకు వెనక్కి పెట్టాలి. ప్యాకెట్ మీది తేదీలు అతనికి అర్థం కావు. పనిచోటే పక్కనుండి పని నేర్పడానికి అతనికి తోడుగా వచ్చిన జాబ్ కోచ్ తేదీలు నేర్పే ప్రయత్నమే చెయ్యలేదు. లోడు దిగినప్పుడల్లా ఆ నెల అట్టపెట్టెలకు ఒక రంగు చుక్క అంటించింది. ఏ రంగు ముందుకు రావాలో గోడమీద ఒక పట్టీ పెట్టింది. రెండు వారాలు తిరక్కుండానే ఆ చిక్కు తీరిపోయింది.

అసలు ఇబ్బందులు ఎవరూ ఊహించని చోట వచ్చాయి. భోజనానికి వెళ్లినవాడు ఎవరో పిలిచేదాకా తిరిగొచ్చేవాడు కాదు. కేంద్రంలో గంట కొట్టేవాళ్లు, ఇక్కడ గంట లేదు. ఫోన్‌లో అలారం పెట్టాక సరిపోయింది. “తమ్ముడూ, మినప్పప్పు ఎక్కడ?” అని ఎవరైనా అడిగితే బిగుసుకుపోయి నిలబడేవాడు. జవాబు చెప్పలేకపోయినా అడిగినవాళ్లను ఆ అర దగ్గరికి తీసుకెళ్లవచ్చని కోచ్ చేసి చూపించింది. ఇప్పుడు అక్కడికి వచ్చే పెద్దవాళ్లు కొందరు అతన్నే వెతుక్కుంటూ వస్తారు. సూపర్‌వైజర్ “అది అక్కడ పెట్టు” అన్నప్పుడల్లా పెట్టె పట్టుకుని అలాగే నిలబడేవాడు. నేర్చుకోవలసి వచ్చింది సూపర్‌వైజరే. అరకు నంబరు పెట్టి “నాలుగో అరలో పెట్టు” అనడం మొదలుపెట్టాడు, తికమక పోయింది.

ఈ నాలుగింటిలో ఏ ఒక్కటీ ఏ శిక్షణ కేంద్రం సిలబస్‌లోనూ ఉండదు. ఉండే వీలూ లేదు. ఆ దుకాణానికి, ఆ మనుషులకు, ఆ పనివేళలకు మాత్రమే సంబంధించిన విషయాలవి. అతను ఇంకో పదేళ్లు కేంద్రంలో ఉన్నా వాటిని నేర్చుకునేవాడు కాదు.

ఇదంతా కొత్తగా కనిపెట్టిన సంగతీ కాదు. 1970లలో అమెరికాలోని ఇల్లినాయ్‌లో మార్క్ గోల్డ్, తీవ్రమైన మేధో వైకల్యం ఉన్నవాళ్లకు సైకిల్ బ్రేకు విడిభాగాలను వరసగా బిగించడం నేర్పి చూపించాడు. వీళ్లవల్ల కాదని అంతా వదిలేసిన పని అది. పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి నేర్పాడు. ఎదుటివాడు నేర్చుకోలేకపోతే నేర్పే తీరు మార్చుకోవలసింది గురువేనన్నది ఆయన పట్టుదల. తర్వాత వర్జీనియాలో పాల్ వేమన్ వంటివాళ్లు వరసనే తిరగేశారు: ముందు నిజమైన ఉద్యోగం, నిజమైన జీతం, ఆ చోటనే శిక్షణ, పక్కన కోచ్, పని చేతికి వస్తున్నకొద్దీ కోచ్ తప్పుకోవడం. 1986లో అమెరికా పునరావాస చట్టం సవరణల్లో దీనికి నిధులూ కేటాయించారు. 1996లో సిన్సినాటి పిల్లల ఆసుపత్రి అత్యవసర విభాగం బాధ్యతలు చూస్తున్న ఎరిన్ రీల్ అనే నర్సు, సామగ్రిని ఎప్పటికప్పుడు నింపి ఉంచే పనికి ఇలాంటి యువతను తీసుకోవచ్చు కదా అని ఆలోచించింది. అలా పుట్టిన ‘ప్రాజెక్ట్ సెర్చ్’లో విద్యార్థులు చదువు ఆఖరి ఏడాదంతా పనిచోటే గడుపుతారు, మూడు విభాగాల్లో మార్చి మార్చి పనిచేస్తారు. బడి అక్కడికే వస్తుంది. ఆ తర్వాత ఆ పద్ధతి చాలా దేశాలకు పాకింది. మన దగ్గర మాత్రం అర్ధశతాబ్దం కిందటి వరసే ఇంకా వివేకంగా చలామణీ అవుతోంది.

3. “ఒకడు విఫలమైతే పదిమందికి తలుపులు మూసుకుంటాయి”

ఇది భయపెట్టే మాట. లెక్కలో మాత్రం నిలబడదు. ఏ సంస్థలోనైనా కొత్తగా చేరినవాళ్లలో కొందరు మానేస్తారు, కొందరిని తీసేస్తారు. బీకాం చదివిన గుమాస్తా పని చెయ్యలేకపోతే ఇక బీకాం వాళ్లెవరినీ తీసుకోనని ఏ యజమానీ అనడు. ఒకరి వైఫల్యాన్ని జాతి మొత్తానికి అంటగట్టడం వివక్ష. ఆ వివక్షకు లొంగి మన పిల్లల్ని మనమే ఇంట్లో కూర్చోబెడితే అది జాగ్రత్త అనిపించుకోదు.

పైగా ఈ వైఫల్యాలు ఎలా వస్తున్నాయో చూడాలి. ఉద్యోగమేళాలో నియామక పత్రం ఇస్తారు, ఫొటో తీస్తారు, మర్నాటి నుంచి పిల్లవాడు ఒంటరి. తోడు ఎవరూ ఉండరు. సూపర్‌వైజరుకు ఎవరూ ఏమీ చెప్పరు. నెల తిరక్కుండా ఇంటికి పంపిస్తారు. అక్కడ లేనిది పిల్లవాడి సంసిద్ధత కాదు, కోచ్. శిక్షణ కేంద్రాల బల్లలకు, గదులకు, బ్యాచ్‌లకు డబ్బు దొరుకుతుంది. మొదటి వారాల్లో రోజంతా, తర్వాత రోజుకో గంట, ఆపైన వారానికోసారి పనిచోటికి వెళ్లి నిలబడే మనిషికి జీతం ఇవ్వాలంటే ఏ పద్దులోనూ చోటుండదు.

తోడు ఉన్నచోట ఏం జరుగుతుందో మన దేశంలోనే కనిపిస్తోంది. లెమన్ ట్రీ హోటళ్లు 2007 నుంచి వైకల్యమున్నవాళ్లను పనిలోకి తీసుకుంటున్నాయి. మొదట వినికిడి లోపం ఉన్నవాళ్లతో మొదలై, తర్వాత డౌన్ సిండ్రోమ్ ఉన్న యువత దాకా వచ్చింది. 2017లో మొదలై, వైకల్యమున్నవాళ్లకు పనిచ్చే మిట్టీ కెఫే వరసగా శాఖలు తెరుస్తూ 2023 నవంబరులో సుప్రీంకోర్టు ఆవరణలోకీ వెళ్లింది. అక్కడ కాఫీ అందించేవాళ్లలో మేధో వైకల్యం ఉన్నవాళ్లున్నారు. తొందరలో ఉన్న లాయర్ల మధ్య ఆ పని సాగుతున్నప్పుడు, విజయవాడలోనో వరంగల్‌లోనో హోటల్లో ఎందుకు సాగదు?

ఇక ప్రభుత్వం సంగతి. వైకల్యమున్నవాళ్ల కోసం వచ్చిన 1995 చట్టం మేధో వైకల్యాన్ని వైకల్యాల జాబితాలో చేర్చింది కాని ఉద్యోగాల్లోని 3 శాతం కోటాలో దానికి చోటు ఇవ్వలేదు. దాని స్థానంలో వచ్చిన 2016 చట్టం కోటాను 4 శాతం చేసింది. అందులో ఒక్క శాతాన్ని ఆటిజం, మేధో వైకల్యం, అభ్యసన వైకల్యం, మానసిక రుగ్మత, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లందరూ కలిసి పంచుకోవాలి. ఆ పోస్టులకు దారి కూడా చాలావరకు రాత పరీక్ష మీదుగానే పోతుంది. ప్రైవేటు సంస్థలతో సహా ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలని 21వ సెక్షన్ చెప్తోంది. సిబ్బందిలో కనీసం 5 శాతం వైకల్యమున్నవాళ్లు ఉండేలా ప్రైవేటు యజమానులకు ప్రోత్సాహకాలు ఇవ్వాలని 35వ సెక్షన్ చెప్తోంది. పనిచోటును మనిషికి తగ్గట్టు మార్చడాన్ని చట్టం హక్కుగా గుర్తించింది. అరలకు నంబర్లు పెట్టడం ఆ హక్కు కిందికే వస్తుంది. చట్టం “ముందు తయారై రండి” అని ఎక్కడా అనలేదు.

వైకల్య శాతాన్ని తేల్చే సదరం సర్టిఫికెట్ గురించి కూడా ఒక మాట. దానిమీద 75 శాతం అని ఉంటే, నూటికి డెబ్బై అయిదు పాళ్లు పనికిరాడని చదువుకుంటారు మన మేనేజర్లు. ఆ అంకె పింఛనుకూ రాయితీలకూ కొలబద్ద. అరలు సర్దడానికి, టేబుళ్లు తుడవడానికి, ఫైళ్లు స్కాన్ చెయ్యడానికి దానితో పని లేదు.

4. “బయట భద్రత లేదు”

అన్ని అభ్యంతరాల్లోకీ ఇదే బరువైనది. దీన్ని తేలిగ్గా కొట్టిపారేసేవాళ్ల మీద నాకు నమ్మకం లేదు. ఇరవై ఏళ్ల కూతుర్ని ఉదయం ఎనిమిదింటికి సిటీ బస్సు ఎక్కించి వెనక్కి తిరిగి నడిచే తల్లికి ఆ రోజంతా ఎలా గడుస్తుందో నాకు తెలుసు. మోసం జరగవచ్చు. జీతం కోత పెట్టవచ్చు. వెక్కిరించవచ్చు. అంతకన్నా ఘోరాలూ జరగవచ్చు.

అయితే ఇల్లు భద్రం అన్న నమ్మకాన్ని కూడా అంతే నిజాయితీగా పరీక్షించాలి. ఇలాంటి పిల్లలపై అఘాయిత్యాలు చేసేవాళ్లు తరచు తెలిసినవాళ్లే: ఇంటికొచ్చే బంధువు, పక్కింటివాడు, ఆటో అతను. నాలుగు గోడల మధ్య ముగ్గురు నలుగురి ముఖాలే చూస్తూ పెరిగిన పిల్లకు ఏ స్పర్శ తప్పో, ఎవరికి చెప్పాలో తెలియదు. చెప్పడానికి ఇంట్లోవాళ్లు తప్ప ఇంకో మనిషి ఉండడు. రోజూ పనికి వెళ్లే పిల్ల ఒకరోజు రాకపోతే తోటి పనివాళ్లు అడుగుతారు. ముఖం వాడిపోతే గమనిస్తారు. కనిపెట్టుకుని ఉండే కళ్లు ఎన్ని ఎక్కువైతే భద్రత అంత ఎక్కువ. ఇంట్లో దాచిపెట్టడం ఆ కళ్లను తగ్గిస్తుంది.

“నా తర్వాత వీడి గతేమిటి?” అని ప్రతి తల్లీ తండ్రీ రాత్రిళ్లు తలుచుకునే ప్రశ్నకూ జవాబు ఇక్కడే ఉంది. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద సంరక్షకుణ్ణి నియమించుకోవచ్చు, అదే ట్రస్ట్ నడిపే నిరామయ పథకం కింద లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా తీసుకోవచ్చు, రెండూ అవసరమే. కానీ సంతకాలు పెట్టే సంరక్షకుడు రోజూ పలకరించే మనిషి కాలేడు. నలభై ఏళ్లదాకా తల్లి చెయ్యి పట్టుకునే నడిచినవాడు, ఆ చెయ్యి పోయిన రోజున ఒక్కసారిగా అన్నీ నేర్చుకోవాలి. అప్పుడు ఎవరు నేర్పుతారు? అమ్మానాన్నల ఒంట్లో ఓపిక ఉండగా, వెంట వెళ్లి చూపించగలిగే వయసులో ఉండగా, తప్పులు జరిగితే సర్దుకునే వీలుండగా బయటి ప్రపంచాన్ని పరిచయం చెయ్యడమే అసలైన జాగ్రత్త.

ఆ జాగ్రత్తకు ఒక పద్ధతి ఉంది. మొదట పక్క సీట్లో కూర్చుని వెళ్లాలి, తర్వాత రెండు సీట్లు వెనక, ఆపైన వెనక బస్సులో. జీతం చేతికి కాక అతని పేరున ఉన్న బ్యాంకు ఖాతాలో పడాలి. ఎవరు ముట్టుకుంటే, ఎవరు డబ్బడిగితే ‘వద్దు’ అనాలో పదేపదే ఆడి చూపించాలి. నడిపించే కోచ్ ఉంటే ఇవన్నీ అయ్యే పనులే.

5. కొవ్వొత్తులు, ఫినాయిలు, కాగితం సంచులు

“ఉద్యోగం దొరక్కపోతే కేంద్రంలోనే పని చేసుకుంటాడు కదా” అన్నది ఈ వాదనకు చివరి ఆసరా. ఏళ్ల తరబడి ప్రమిదలకు రంగులు వేస్తారు, ఫైలు అట్టలు అంటిస్తారు, ఫినాయిలు సీసాల్లో నింపుతారు. దీపావళికి ఎవరో కార్పొరేట్ ఆఫీసులో స్టాలు పెడతారు, జాలిపడి కొంటారు. నెలాఖరుకు ఆ యువకుడి చేతికి వచ్చేది స్టైపెండ్ పేరుతో నాలుగు కాసులు. దాన్ని జీతం అనడానికి ఎవరికీ నోరు రాదు.

దీని వెనక ఉన్న ఆలోచన చట్టాల్లోకీ ఎక్కింది. 1948 నాటి కనీస వేతనాల చట్టం 26వ సెక్షన్, వైకల్యమున్న కార్మికుల వేతనాలకు ఆ చట్టం వర్తించదని ఆదేశించే అధికారాన్ని ప్రభుత్వాలకు ఇచ్చింది. అమెరికాలో 1938 చట్టమూ కనీస వేతనం కన్నా తక్కువ ఇచ్చేందుకు ఇలాంటి వెసులుబాటే పెట్టింది. కానీ అక్కడే వెర్మాంట్ రాష్ట్రం 2000ల తొలినాళ్లలో వైకల్యమున్నవాళ్ల కోసం విడిగా నడిపే షెల్టర్డ్ వర్క్‌షాపుల్లో తన ఆఖరిదాన్ని మూసేసి అందులోని మనుషుల్ని బయటి ఉద్యోగాల వైపు నడిపించింది. 2007లో మనం ఆమోదించిన ఐక్యరాజ్యసమితి వైకల్య హక్కుల ఒడంబడిక 27వ అధికరణం, అందరితో సమానంగా, అందరితో కలిసి పనిచేసే హక్కును గుర్తించింది. విడిగా నడిపే వర్క్‌షాపులు ఆ హక్కును నెరవేర్చినట్టు కాదని ఒడంబడిక అమలును చూసే కమిటీ 2022లో తేల్చి చెప్పింది.

చాలా ఎక్కువ సాయం అవసరమైనవాళ్లున్నారు. పగటిపూట సంరక్షణ, ఆట, పాట, కాస్త వ్యాపకం వాళ్లకూ వాళ్ల కుటుంబాలకూ కావాలి. అలాంటి కేంద్రాలు ఇంకా ఎన్నో రావాలి. వాటిని సంరక్షణ కేంద్రాలుగా నడపండి, ఆ పేరునే నిధులివ్వండి. అక్కడున్న అందరినీ ఉపాధి శిక్షణలో ఉన్నట్టు లెక్క రాయడం మాత్రం మానండి. ఆ లెక్క వల్ల ఇవాళే పనికి వెళ్లగలిగినవాడు కూడా గోడల మధ్యే మిగిలిపోతున్నాడు.

6. పింఛను ఉందిగా అనేవాళ్లకు

వైకల్య పింఛను తెలంగాణలో 2023 నుంచి నెలకు 4,016 రూపాయలు, ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి 6,000. ఆ డబ్బు హక్కు, ఒక్క పైసా తగ్గకూడదు. పింఛను మందులకు సరిపోతుందేమో, పొద్దున లేచి వెళ్లడానికి ఒక చోటును ఇవ్వదు. పైగా ఉద్యోగంలో చేరితే పింఛను పోతుందన్న భయమే చాలా ఇళ్లలో తలుపులకు గడియ పెడుతోంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల వైకల్యమున్న సంతానానికి వచ్చే కుటుంబ పింఛనుకు ఆదాయ పరిమితి ఒకప్పుడు 9,000 రూపాయలు, దానిపై కరవు భత్యం. 2021లో కేంద్రం దాన్ని సడలించింది. రాష్ట్రాలు ఇచ్చే పింఛన్లకూ ఇలాంటి భరోసా రాతపూర్వకంగా కావాలి: ప్రైవేటు ఉద్యోగంలో చేరిన తొలి రెండేళ్లూ పింఛను ఆగదని, ఉద్యోగం పోతే మళ్లీ సదరం శిబిరాల చుట్టూ తిరగనక్కర్లేదని.

కాబట్టి వరస మారాలి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ఉచిత విద్య హక్కు పద్దెనిమిదేళ్ల దాకా ఉంది. ఆ చివరి రెండు మూడేళ్లు తరగతి గదిలో పూసలు వేరు చేయిస్తూ గడపడానికి ఇచ్చినవి కావు. పదహారేళ్లు వచ్చిన ప్రతి విద్యార్థీ వారానికి కనీసం రెండు రోజులు కిరాణా దుకాణంలోనో, హోటల్ వంటగదిలోనో, నర్సరీలోనో, ఆసుపత్రి స్టోరులోనో ఉండాలి. వెంట టీచరు ఉండాలి. సికింద్రాబాద్‌లో 1984 నుంచి ఉన్న మేధో వైకల్య జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ నుంచి ఏటా స్పెషల్ టీచర్లు బయటికి వస్తున్నారు. అంతే సంఖ్యలో జాబ్ కోచ్‌లూ రావాలి. వాళ్లకు ప్రభుత్వ జీతంతో పోస్టులుండాలి. ఇంట్లో కూడా ఇవాళ్టి నుంచే పని అప్పగించాలి. పాల ప్యాకెట్ తెచ్చే పని, దానికి డబ్బిచ్చి చిల్లర తెచ్చే పని, తప్పు చిల్లర తెస్తే తిట్టకుండా మళ్లీ పంపే పని.

శిక్షణ కేంద్రాలకు డబ్బిచ్చే అధికారులు “ఎంతమందికి శిక్షణ ఇచ్చారు?” అని అడగడం మానెయ్యాలి. నివేదికలో ఒకే ఒక్క గడి పెట్టండి: ఏడాది కిందట మీ దగ్గరున్నవాళ్లలో ఎంతమంది ఈ నెల బ్యాంకు ఖాతాలో జీతం తీసుకున్నారు? ఆ గడిలో వరసగా రెండేళ్లు సున్నా వేసిన కేంద్రానికి ఉపాధి శిక్షణ నిధులు ఆపి, ఆ డబ్బుతోనే అదే ఊళ్లో ఇద్దరు జాబ్ కోచ్‌లను నియమించండి.